జోడీ పోర్టును ఏ స్విచ్‌కి కలపాలి?

ఏమీ జరగకుండా చూడటమే నా ఉద్యోగం. హైటెక్ సిటీలో ఇరవై రెండేళ్లు ఆ పనే చేసి మొన్న వేసవిలో రిటైరయ్యాను. వీడ్కోలు సభలో మా డైరెక్టర్‌గారు మైకు పట్టుకుని, "వసుంధరగారు మన సంస్థకు చేసిన సేవ ఏమిటంటే..." అని మొదలుపెట్టి, పాపం, అక్కడే ఆగిపోయారు. చేతిలో ఉన్న కాగితం అటు తిప్పారు, ఇటు తిప్పారు. నాకు నవ్వు ఆగలేదు. శాలువా కప్పుకుని స్టేజీ మీద నేను పకపకా నవ్వుతుంటే, బాధలో అలా అయిపోయానని ముందు వరసలో వాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అయ్యా, బాధ కాదు! ఆయనకు నా పని ఒక్కటీ గుర్తు రాలేదంటే నేను బాగా చేశాననే కదా! నా సిస్టమ్ ఏదైనా ఆగి ఉంటే ఆయనకు తేదీతో సహా గుర్తుండేది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో మొన్న ఒకమ్మాయి కలిసింది. కొత్తగా ఉద్యోగంలో చేరింది. మొహం చూస్తే ఎవరో చెంప మీద కొట్టినట్టుంది. "మా బ్యాచ్‌లో అందరికీ ఏఐ ప్రాజెక్టులు ఇచ్చారు ఆంటీ, నన్ను స్టోరేజ్‌లో పడేశారు" అంది. నేను లిఫ్టులోనే చప్పట్లు కొట్టాను. "అబ్బ, ఎంత అదృష్టమే తల్లీ!" అన్నాను. ఆ పిల్ల భయపడి తన అంతస్తు రాకముందే దిగిపోయింది. ఆ అమ్మాయికి చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతున్నాను. ప్రమోషన్ల సంగతి, అప్రైజల్ కాగితాల సంగతి నన్ను అడగొద్దు. అవి ఎవరైనా చెబుతారు.

పని ఏమిటంటే

పెద్ద సంస్థల్లో లెక్కలు చేసే సర్వర్లు ఒకవైపు ఉంటాయి, సమాచారం దాచే డిస్కుల పెట్టె, అదే స్టోరేజ్, ఇంకోవైపు ఉంటుంది. మధ్యలో వెలుగు పారే సన్నని ఫైబర్ తీగలు, ఆ తీగలన్నీ కలిసే స్విచ్‌లు. తీగ దూర్చే చోటును పోర్టు అంటారు. తీగ తెగొచ్చు, పోర్టు చావొచ్చు, స్విచ్ కాలిపోవచ్చు. అందుకని ప్రతిదానికీ జోడీ పెడతాం. ఒకటి పోయిన క్షణంలో రెండోది ఆ పని అందుకోవాలి. దాన్నే ఫెయిలోవర్ అంటారు. అవతల కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి ఏం జరిగిందో తెలియకూడదు. అంతే. పుస్తకంలో దీనికి రెండొందల పేజీలుంటాయి, చదవండి, కానీ విషయం ఇంతే.

నేను ఇందులోకి ముప్ఫై ఎనిమిదో ఏట వచ్చాను. మాది కృష్ణా జిల్లా. మా వారికి ఇరిగేషన్‌లో ఉద్యోగం, హైదరాబాదుకు బదిలీ. పిల్లల్ని పెంచుతూ పదకొండేళ్లు ఇంట్లో ట్యూషన్లు చెప్పుకున్నాను. తర్వాత ఒక కోర్సు చేసి, మాదాపూర్‌లో ఇంటర్వ్యూలకు తిరిగాను. పదకొండేళ్ల ఖాళీ చూసి అందరూ నవ్వి పంపించేశారు. నవ్వనిది నరహరిగారొక్కరే. జనగామ వైపు మనిషి, లావుపాటి మీసం, మనిషికన్నా గొంతు పెద్దది. "పదకొండేండ్లు ఇల్లు నడిపినవంటే ఒకటి పోతే ఇంకోటి చూసుకునుడు నీకు మేం నేర్పాల్నా అమ్మా? రేపు రా" అన్నారు. ఆ మాటకు నేను మెట్రో స్టేషన్ కూడా లేని ఆ రోజుల్లో సైబర్ టవర్స్ దగ్గర రోడ్డు మీద గంతులేసుకుంటూ బస్సెక్కాను.

శుక్రవారం లాగుడు

మా డేటా సెంటర్ నానక్‌రామ్‌గూడలో. లోపల మంచుకొండ. బయట రోహిణి కార్తె ఎండ మండిపోతుంటే నేను స్వెటరు, ఉన్ని టోపీ పట్టుకుని షేర్ ఆటోలో వెళ్లేదాన్ని. ఒకరోజు ఆలస్యమైందని టోపీ ఆటోలోనే పెట్టుకున్నాను. పక్కనున్నావిడ మెల్లగా జరిగి, పిల్లాణ్ని అవతలి పక్కకి మార్చుకుంది. లోపల ఫ్యాన్ల హోరుకు ఏం చెప్పినా అరిచే చెప్పాలి. ఇరవై రెండేళ్లు అలా అరిచి అరిచి, ఇప్పుడు ఇంట్లో ఉప్పు అందించమన్నా పక్క ఫ్లాటువాళ్లు తలుపు తీస్తున్నారు.

నరహరిగారికి ఒక ఆచారం ఉండేది. ప్రతి శుక్రవారం పదకొండింటికి వచ్చి, ముందుగా ఎవరికీ చెప్పకుండా, తనకు నచ్చిన తీగ ఒకటి లాగేసేవారు. నిజం సిస్టమ్. పట్టపగలు. కస్టమర్లు పని చేసుకుంటూండగానే! మేమంతా వరసగా నిలబడి చూసేవాళ్లం. ఏమీ జరక్కపోతే ఆయన ఖర్చుతో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. ఏదైనా ఆగితే మాత్రం ఆ తీగ పెట్టినవాళ్లు ఎక్కడ తప్పు జరిగిందో బోర్డు మీద సొంత చేత్తో రాయాలి, వారం దాకా చెరపకూడదు.

నేను కలిపిన తీగను ఆయన లాగిన మొదటి శుక్రవారం తలుచుకుంటే నాకింకా ఒళ్లు పులకరిస్తుంది. టక్కున లాగారు. ఎర్ర దీపం వెలిగింది. ఫోను మోగుతుందని చూశాం. మోగలేదు. కస్టమర్ తెర మీద బిల్లులు టకటకా పడుతూనే ఉన్నాయి. నేను "ఆగలేదు! ఆగలేదు!" అని కేకలు పెట్టి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాను.

"ఆగితె అరువాలె గని, ఆగకపోతె ఎందుకమ్మా అరుసుడు?" అన్నారాయన. కానీ మీసం కింద నవ్వు దాగలేదు.

"ఇంత ప్రమాదం మనమే ఎందుకండీ తెచ్చుకోవడం?" అని అడిగాను.

"మనం లాగకపోతె ఇంకెవ్వడో లాగుతడు. వాడు మనకు చెప్పి లాగుతడా?"

తర్వాత నేను పనిచేసిన బాసుల్లో ఒకాయన ఈ పరీక్షను స్లైడు మీద బాణం గుర్తులతో చేయించేవాడు. బాణం ఇటునుంచి అటు వెళ్లగానే "గుడ్, పాస్" అనేవాడు. స్లైడు మీద అన్నీ పాసే అవుతాయి నాయనా. తీగ లాగడానికి భయపడే బాసు దగ్గర ఉంటే ఈ పని మీకు రాదు. ఈ మాట ఎవరికైనా గుచ్చుకుంటే గుచ్చుకోనివ్వండి, నేను రిటైరయ్యాను.

పందికొక్కు చేసిన పని

నాకు ఒక జబ్బుంది. పొందిక. తీగ వంకరగా ఉంటే నాకు అన్నం సహించదు. చేరిన రెండో ఏడు ఒక చీరల దుకాణాలవాళ్ల సిస్టమ్‌కి జోడీ తీగలు వేశాను. ఒకటి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి రావాలని డ్రాయింగులో ఉంది. అలాగే తెచ్చాను కూడా. కానీ గోడ దగ్గర రెండూ వేలాడుతూ ఉంటే చూడబుద్ధి కాక, పక్కపక్కన పెట్టి, నాలుగు చోట్ల అందంగా పట్టీలు బిగించాను. పూలజడలా వచ్చింది. ఫోటో కూడా తీసుకున్నాను.

వెనక ఖాళీ జాగాలోంచి ఒక పందికొక్కు వచ్చింది. ఒక్క పూటలో రెండు తీగలూ కొరికేసింది. శనివారం మధ్యాహ్నం, పెళ్లిళ్ల రోజులు, దుకాణాల్లో కౌంటర్ల ముందు చీరలు పట్టుకుని జనం నిలబడిపోయారు.

నరహరిగారు తిట్టలేదు. కొరికిన ముక్క తెచ్చి నా టేబుల్ ముందు దారంతో వేలాడదీశారు. "పందికొక్కుకు నీ డ్రాయింగు సదువుడు రాదమ్మా. దానికి రెండూ ఒక్క కాడనే దొరికినయ్. జోడీ అన్నంక ఇడదియ్యాలె" అన్నారు.

అంతే, ఆ మాట నా నెత్తికెక్కి కూర్చుంది. ఆ రోజు నుంచి కనబడిన జోడీనల్లా విడదీశాను. రెండు ప్లగ్గులు రెండు బోర్డుల్లో, రెండు తీగలు రెండు గోడల మీద. ఇంట్లో మా వారి కళ్లజోళ్లు రెండూ రెండు గదుల్లో పెట్టాను. ఆయన రోజూ పొద్దున్నే చేతులతో గోడలు తడుముకుంటూ, "వసూ, ఇదివరకు ఒకటైనా దొరికేదే" అనేవారు. నేను వినలేదు. విడదీస్తే భద్రం, అంతే! తర్వాత నేను చేసిన అసలు తప్పు ఈ ఉత్సాహంలోంచే పుట్టింది.

ముసలాయన

నాలుగైదేళ్లు గడిచాక మాకొక పెద్ద ఆసుపత్రి పని వచ్చింది. వాళ్ల సర్వర్లన్నీ మా దగ్గర పెట్టుకున్నారు. అన్నీ కొత్తవే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ బ్లడ్ బ్యాంకుది. దాన్ని మేమందరం ముసలాయన అనేవాళ్లం. కొత్త సర్వర్లకు రెండేసి తీగలుంటాయి, ఒక దారి పోతే ఇంకో దారి అవే వెతుక్కుంటాయి. ముసలాయనకు ఒకటే తీగ, ఒకటే దారి. పెట్టెలో ఉన్న ఒకే ఒక్క పోర్టు పేరు తెలుసు. ఆ పేరు పలక్కపోతే నిలబడిపోతాడు. దాని సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు ముట్టుకోవద్దన్నారు.

బ్లడ్ బ్యాంకు ఇన్‌ఛార్జి సుగుణగారు. మెదక్ వైపు ఆవిడ. పొట్టిగా, చురుగ్గా, ముక్కుసూటిగా ఉంటారు. అంతకుముందు వేరే చోట సర్వర్ ఉన్నప్పుడు ఒకసారి ఆగిపోతే, ఏ సంచి ఏ గ్రూపో, ఎవరి కోసం పక్కన పెట్టారో పుస్తకాల్లో వెతుక్కుంటూ ఆవిడ ఆపరేషన్ థియేటర్లకూ ఫ్రిజ్‌కూ మధ్య పరుగులు తీశారట. "మల్ల గట్ల అయితె నా తోటి కాదమ్మా" అని మొదటి రోజే నాతో చెప్పారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీది ఒక్క నిమిషం కూడా ఆగదండీ, నాదే పూచీ" అన్నాను. అన్నప్పుడు ఎంత గర్వమో నాకు!

ఒకటే దారి ఉన్న ముసలాయన్ని ఎలా కాపాడాలి? దానికి పెట్టెలోనే ఒక ఏర్పాటుంది. పెట్టెకు రెండు కంట్రోలర్లు, అంటే రెండు మెదళ్లు, ఒక్కోదానికి రెండేసి పోర్టులు. మొదటిదాని ప్రతి పోర్టుకూ రెండోదానిలో ఒక జోడీ పోర్టు ఉంటుంది. మొదటిది పోయినా, దాని తీగ ఊడినా, వెంటనే జోడీ పోర్టు దాని పేరు తను పెట్టుకుని పలుకుతుంది. ముసలాయనకు తన పాత పోర్టే పలికినట్టుంటుంది, తేడా తెలియదు. ఎంత ముచ్చటైన ఏర్పాటో చూశారా! ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు ఆనందం ఆగక మా వారికి పెసరట్టు మీద పల్లీలతో బొమ్మ వేసి చూపించాను. ఆయన పల్లీలు తినేశారు.

ఇక నేను చేసిన ఘనకార్యం. పెట్టెకు పైన రెండు స్విచ్‌లున్నాయి, ఒకదానికొకటి సంబంధం లేకుండా. ముసలాయనకు తెలిసిన మొదటి పోర్టును ఆయన తీగ ఉన్న ఒకటో స్విచ్‌కే కలిపాను. దాని జోడీని? విడదీయాలి కదా! రెండో స్విచ్‌కి కలిపాను. బ్రహ్మాండంగా గీసిన డ్రాయింగు చూసి నరహరిగారు ఉప్పొంగిపోయారు. ప్లాస్టిక్ కవరు వేయించి గోడకు తగిలించారు. ఇంకో రెండు చోట్ల మా వాళ్లు అదే చూసి తీగలు వేసుకున్నారు.

పెట్టె తెర మీద ఒక పసుపు త్రికోణం వెలుగుతుండేది. నొక్కితే నాలుగు వాక్యాలు వచ్చేవి. నేను మొదటి వాక్యం చదివి, లైసెన్సు గోలే అనుకుని మూసేశాను. శుక్రవారం లాగుళ్లు ఆ పెట్టె మీద కూడా జరిగాయి. కొత్త సర్వర్లు వాటి రెండో దారిన అవే వెళ్లిపోయాయి, మేం బిస్కెట్లు తిన్నాం. పెట్టె వైపు ముసలాయన పోర్టుకున్న తీగ మాత్రం ఎప్పుడూ లాగలేదు. "ఆయన్ను కదిలించొద్దు సార్, పాపం" అని నేనే బతిమాలాను. నరహరిగారూ సరేనన్నారు. ఇద్దరికీ లోపల భయం. ఆ భయానికి జాలి అని పేరు పెట్టుకున్నాం.

ఆ మంగళవారం

పెట్టె సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. ఒక్కొక్క కంట్రోలర్ ఆగి మళ్లీ లేస్తుంది. ఒకటి ఆగినప్పుడు రెండోది మోస్తుంది. మంగళవారం పదకొండింటికి మొదలుపెడతామని, ఆసుపత్రి పనులు మామూలుగా చేసుకోవచ్చని నరహరిగారు మాటిచ్చేశారు. సుగుణగారు మాత్రం "నా రిజిస్టర్ యాడుంటదో నా కండ్లతోటి చూడాలె" అని స్వయంగా వచ్చారు. బ్లడ్ బ్యాంకులో ఆ రోజు ఎనిమిది ఆపరేషన్లకు రక్తం సిద్ధం చేసే పని నడుస్తోంది.

పదిన్నరకు ఆవిడకు నా స్వెటరు తొడిగి, గోడ మీది డ్రాయింగు ముందు నిలబెట్టాను. తెలిసిన ఉదాహరణ చెబుదామని, "మీ ఆసుపత్రిలో ఒకటో కౌంటర్ ఆవిడ లేచి వెళ్లిందనుకోండి. వెంటనే ఆవిడ జోడీ వచ్చి అదే బోర్డు పెట్టుకుని కూర్చుంటుంది. లైన్లో ఉన్నవాళ్లకు తేడా తెలియదు. చూడండి, ఆ జోడీని భద్రంగా ఈ రెండో స్విచ్‌లో పెట్టాను" అని అరిచి మరీ చెప్పాను.

ఆవిడ బొమ్మ మీద వేలు పెట్టి చూశారు.

"గీ రెండు డబ్బాల నడుమ తొవ్వ ఉన్నదా?"

"లేదండీ, అసలు సంబంధమే లేదు. అదే భద్రత."

"మరి జోడీ ఆమె ఇంకో బిల్డింగుల బోర్డు పెట్టుకోని కూసుంటె, గీడ లైన్ల నిలబడ్డోళ్లకు ఎట్ల తెలుస్తదమ్మా?"

నాకు స్వెటరు లేకుండానే చెమటలు పట్టాయి.

పరుగెత్తి తెర దగ్గరికి వెళ్లి పసుపు త్రికోణం నొక్కాను. ఈసారి నాలుగు వాక్యాలూ చదివాను. జోడీ పోర్టులు ఒకే స్విచ్ మీద లేవు, ఫెయిలోవర్ జరగదు అని మూడో వాక్యంలో శుభ్రంగా రాసి ఉంది. అరగంటలో మొదటి కంట్రోలర్ ఆగుతుంది. దాని జోడీ రెండో స్విచ్‌లో అదే పేరుతో "నేనున్నా, నేనున్నా" అని పిలుస్తుంటుంది. ఒకటో స్విచ్ దగ్గర ముసలాయన వినపడక నిలబడిపోతాడు. సుగుణగారు మళ్లీ పుస్తకాలు పట్టుకుని పరుగులు తీస్తారు. నా పూచీ మీద!

నిజం చెప్పేస్తాను. ఒక్క క్షణం, వేరే కారణం ఏదో చెప్పి వాయిదా వేయిద్దామా అనిపించింది. పక్కకు చూస్తే ఆవిడ నా స్వెటర్లో చేతులు పొడుగై, నన్నే చూస్తున్నారు. వెళ్లి ఫోనులో ఉన్న నరహరిగారి భుజం తట్టాను.

"సార్, నా డ్రాయింగు తప్పండీ. జోడీని విడదీశాను. ఒకే స్విచ్‌లో ఉండాలి. ఇప్పుడు మొదలుపెడితే బ్లడ్ బ్యాంకు ఆగిపోతుంది. సుగుణగారు కనిపెట్టారు."

ఆయన ఫోను పెట్టేసి గోడ మీది బొమ్మ చూశారు. తెర చూశారు. మళ్లీ బొమ్మ చూశారు. నేను కళ్లు మూసుకున్నాను. ధబ్బున చప్పుడైంది. కళ్లు తెరిస్తే ఆయన నేల మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వుతున్నారు.

"కవరేసి గోడకు పెట్టిన! పూలదండొక్కటే తక్కువ! ఇడదియ్యమన్నది నేను, ఇడదీసినది నువ్వు, పట్టుకున్నది ఆమె! లే, లే, తీగలు మారుద్దాం" అంటూ చెయ్యి చాపారు. నేనే లేపాల్సి వచ్చింది.

సుగుణగారిని గంట సమయం అడిగాం. ఇచ్చారు. ముసలాయన వేలాడుతున్నది మొదటి కంట్రోలర్ మీద. రెండో కంట్రోలర్ తీగలు మారిస్తే చాలు, ఆయనకు కదలిక ఉండదు. రెండో కంట్రోలర్ తీగలు రెండూ ఒకదాని స్థానంలో ఇంకోటి మార్చాను. ఏ స్విచ్‌లో ఎవరెవరు మాట్లాడుకోవచ్చో రాసిన జాబితాలు సరిచేశాను. పసుపు త్రికోణం మాయమైంది. నేను తెరను ముద్దు పెట్టుకున్నాను, అబద్ధం కాదు.

"ఇగ మొదలువెడ్దామా?" అన్నారు నరహరిగారు.

"ముందు పెట్టె వైపు ముసలాయన పోర్టు తీగ లాగాలి సార్. ఆయన పని చేస్తుండగా" అన్నాను.

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తీగ లాగే సమయానికి ఒక్క సంచి కూడా తారుమారు కాకూడదని సుగుణగారు ఫోను చేసి, బ్లడ్ బ్యాంకులో టైపు చేసే శ్రీలతను సంచుల వివరాలు ఒక్కొక్కటే పైకి చదువుతూ ఎక్కించమన్నారు, పక్కన పుస్తకంలో కూడా రాయించారు. కానీ హోరులో మాకు ఫోను వినపడదే! అందుకని సెక్యూరిటీ యాదగిరిని పిలిచాం. ఆయన గద్వాల వైపు మనిషి, ఊళ్లో నాటకాల్లో వేషాలు వేసేవాడు, గొంతు ఖంగుమంటుంది. అద్దాల తలుపును కాలితో ఆపి, ఫోను చెవికి పెట్టుకుని, విన్నది విన్నట్టు లోపలికి అరవడం ఆయన పని.

"ఓ పాజిటివ్! ఎక్కిందంటున్నరు! బీ నెగిటివ్! ఎక్కిందంటున్నరు!"

నరహరిగారు తీగ మీద చెయ్యి వేయబోయారు. సుగుణగారు ఆ చేతిని పక్కకు జరిపారు.

"రిజిస్టర్ నాది. నేనే గుంజుత."

చూపుడు వేలూ బొటనవేలూ ఎక్కడ నొక్కాలో నేను చూపించాను. ఆవిడ ఒక్క గుంజు గుంజారు. ఎర్ర దీపం వెలిగింది.

యాదగిరి అరవడం మానేశాడు.

ఒకటి. రెండు. మూడు. ఎక్కువసేపు తెరిచి ఉంచినందుకు తలుపు అలారం కుయ్యోమని మొదలుపెట్టింది. నరహరిగారు మీసం నములుతున్నారు. నాకు మా వారి మొహం, పిల్లల మొహాలు కనపడ్డాయి.

"ఏమైంది యాదగిరీ?" నేను అరిచాను.

"ఆమె తుమ్ముతున్నది మేడం!"

"సిస్టమ్ సంగతి చెప్పవయ్యా!"

"ఆగుండ్రి... ఇంకోటి తుమ్మింది... ఆఁ, తెర జర నిలబడ్డట్టు అయిందట, మల్ల నడుస్తున్నదట! ఏ పాజిటివ్! ఎక్కింది! ఓ పాజిటివ్! ఎక్కింది! ఎక్కింది మేడం, అన్నీ ఎక్కుతున్నయ్!"

తర్వాత అరనిమిషం గురించి నాకు సరిగ్గా తెలియదు. సుగుణగారూ నేనూ ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని గిరగిరా తిరిగాం. ఆవిడ చేతిలో ఆ తీగ ఇంకా అలాగే ఉంది. అలారం మోగుతూనే ఉంది. ఏం జరిగిందో తెలియని యాదగిరి కూడా ఒక కాలు తలుపుకు అడ్డం పెట్టి, మిగిలిన ఒక్క కాలితో చిందేశాడు. నరహరిగారు అందరికీ వినపడేలా, "బిస్కెట్లు! బిస్కెట్లు తేపిస్త!" అని అరుస్తున్నారు.

తీగ తిరిగి పెట్టాం. పాత పోర్టు తన పేరు తను తీసుకుంది. సుగుణగారు ఇంకోసారి గుంజుతానన్నారు. గుంజారు. అప్పుడుగానీ సంతకం పెట్టలేదు. పన్నెండింటికి మొదలైన పని రెండింటికి అయిపోయింది. ఆసుపత్రిలో ఒక్కరికీ తెలియలేదు.

మధ్యాహ్నం ఫోన్లు

గోడ మీది బొమ్మ నేనే తీశాను. అదే బొమ్మ చూసి తీగలు వేసుకున్న రెండు చోట్లకూ ఫోను చేసి, "నా డ్రాయింగు తప్పు, జోడీ పోర్టులు ఒకే స్విచ్‌లో ఉండాలి, ఇప్పుడే మార్చండి" అని చెప్పాను. ఒకాయన థాంక్స్ అన్నాడు. ఇంకొకాయన, "మరి అంత నమ్మకంగా గీశారేంటండీ?" అని పది నిమిషాలు కడిగేశాడు. కడగనిచ్చాను. తర్వాత బోర్డు మీద సొంత చేత్తో రాశాను. తీగలు రెండు స్విచ్‌లకు విడదీయాలి, నిజమే. కానీ ఒకరి పేరు ఒకరు పెట్టుకోవాల్సిన ఆ ఇద్దరూ మాత్రం ఒకే స్విచ్‌లో ఉండాలి. దేన్ని ఎందుకు విడదీస్తున్నావో తెలియకుండా విడదీయకు. పసుపు త్రికోణంలో నాలుగు వాక్యాలుంటే నాలుగూ చదువు. లాగడానికి జంకే తీగను ముందు లాగు. నా కింద నరహరిగారు వచ్చి, "నేను సుత" అని రాసి సంతకం పెట్టారు. అలాంటి బాసు నాకు మళ్లీ దొరకలేదు.

సాయంత్రం ఐదింటికి ఇంటికి బయల్దేరుతుంటే సుగుణగారు ఫోను చేశారు. "ఏమైనా ఆగిందాండీ?" అన్నాను.

"ఏం ఆగలే. నేను గుంజినప్పుడు శ్రీలత సగం టైపు చేసిన సంచి ఉన్నది సూడు, గది యాడికి పోయిందో కనుక్కున్న. ఒక ఆడామె ఆపరేషన్‌కు పక్కకు పెట్టినం."

"ఆవిడకు ఎలా ఉంది?"

"ఆపరేషన్ మంచిగయింది. రక్తం అక్కరనే పడలే. సంచి మల్ల ఫ్రిజ్‌ల పెట్టినం" అన్నారావిడ. ఆ గొంతులో సంతోషం పట్టలేకుండా ఉంది. "సంచి వాపస్ వచ్చిందంటే మా కాడ అందరం ఖుషీ అయితమమ్మా. గీ ముచ్చట బయటోళ్లకు చెప్తే సమజ్ కాదు, నీకు అయితదని చేసిన."

నాకు సమజ్ అయింది. ఆటో స్టాండులో నిలబడి, ఉన్ని టోపీ నెత్తిమీద ఉండగానే, ఫోనులో ఆవిడా ఇక్కడ నేనూ పగలబడి నవ్వుకున్నాం.